రైస్‌మిల్లు లెక్కల నుంచి సాఫ్ట్‌వేర్‌ ఉద్యోగానికి: డిగ్రీ కావాలా?

ప్రశ్న: నా వయసు 21. మాది తాడేపల్లిగూడెం దగ్గర ఊరు. ఇంటర్ ఎంపీసీ తర్వాత బీటెక్ ఈసీఈలో చేరాను. రెండో ఏడాది మధ్యలో నాన్నకు పక్షవాతం వచ్చి చదువు మానేశాను. ఇప్పుడు ఒక రైస్‌మిల్లులో కంప్యూటర్ ఆపరేటర్‌ని, జీతం 12 వేలు. రాత్రిపూట పైథాన్ నేర్చుకుని, మిల్లుకు వచ్చే ధాన్యం లోడ్ల లెక్కలకు ఒక ప్రోగ్రాం రాశాను. పోయిన సీజనంతా దాంతోనే నడిచింది. కాకపోతే సీజన్ చివరికొచ్చేసరికి రిపోర్టు అడిగితే టీ తాగి వచ్చేంత సేపు పడుతోంది. నాకు ప్రోగ్రామర్ కావాలని ఉంది. అమ్మ "ముందు డిగ్రీ పూర్తి చెయ్యి" అంటోంది. స్నేహితురాలేమో "స్కిల్ ఉంటే చాలు, ఈ రోజుల్లో డిగ్రీ ఎవరడుగుతున్నారు" అంటోంది. హైదరాబాద్‌లో ఒక కన్సల్టెన్సీకి లక్షన్నర కడితే రెండేళ్ల ఎక్స్‌పీరియెన్స్ పెట్టి ఉద్యోగం ఇప్పిస్తారని మావయ్య చెబుతున్నాడు. తమ్ముడు ఇంటర్ రెండో సంవత్సరం, వాడి చదువు కూడా నేనే చూసుకోవాలి. ఏం చేయమంటారు? ప్రోగ్రాం కూడా పంపుతున్నాను, చూడండి. (పేరు వేయవద్దని కోరారు.)

జవాబు: మీరు పంపిన ప్రోగ్రాం మొత్తం చదివాను. ముందు దాని గురించే చెబుతాను. మీ ప్రశ్నకు సగం జవాబు అందులోనే ఉంది.

లారీ కాటా ఎక్కినప్పటి బరువు, సరుకు దించాక ఖాళీ లారీ బరువు, గోనె సంచుల బరువు, తేమ 17 శాతం దాటితే తీసే తరుగు... వీటిలో ఏది ముందు తీసెయ్యాలో, ఏది తర్వాతో ఎక్కడా తప్పు పోకుండా రాశారు. ఒకే లారీలో ఇద్దరు రైతుల ధాన్యం వస్తే విడివిడిగా పంచుతోంది. ఒకే కాటా చీటీ నంబరు రెండోసారి కొడితే ఆపి అడుగుతోంది. ఇవి ఏ సిలబస్‌లోనూ ఉండవు. గుమస్తా పక్కన కూర్చుని, ఎక్కడ లెక్క తప్పుతోందో, ఎక్కడ గొడవలు వస్తున్నాయో చూసినవాళ్లకే తడతాయి. ప్రోగ్రామర్ పనిలో ఎక్కువ భాగం ఇదే. మీరు "ప్రోగ్రామర్ కావాలని ఉంది" అని రాశారు గానీ, ఒక మిల్లు సీజనంతా మీ కోడ్ మీద నడిచిందంటే ఆ పని మీరు ఇప్పటికే చేస్తున్నారమ్మా.

ఇక అందులో నాకు కనిపించిన లోపాలు రెండు. మొదటిది, డబ్బు లెక్కలు ఫ్లోట్ అనే రకం దశాంశ సంఖ్యల్లో దాచారు. పైథాన్‌లో 0.1 + 0.2 అని కొట్టి చూడండి. 0.3 రాదు, 0.30000000000000004 వస్తుంది. కంప్యూటర్ ఈ సంఖ్యల్ని బైనరీలో దాచుకుంటుంది. మనం 1ని 3తో భాగిస్తే 0.333 అని ఎక్కడో ఒకచోట ఆపేస్తాం కదా, బైనరీలో 0.1కి కూడా సరిగ్గా అదే ఇబ్బంది. ఎక్కడో ఆపెయ్యాలి, ఆపిన చోట కాస్త తేడా మిగులుతుంది. రైతు బాకీలో ఒక పైసా తేడా వస్తోందని మీరు చివర్లో రౌండ్ చేసి సర్దారు చూడండి, ఆ పైసా పుట్టింది ఇక్కడే. డబ్బును పైసల్లో, పూర్ణసంఖ్యలుగా దాచండి. లేదంటే పైథాన్‌లోనే ఉన్న డెసిమల్ మాడ్యూల్ వాడండి, అది దశాంశాలను మనం కాగితం మీద చేసినట్టే లెక్కిస్తుంది.

రెండోది మీరు చెప్పిన ఆలస్యం. ప్రతి లోడుకూ రైతు ఎవరో తెలుసుకోవడానికి మొత్తం రైతుల లిస్టును మొదటి నుంచి చివరిదాకా వెతుకుతున్నారు. 40 వేల లోడ్లు, 5 వేల మంది రైతులు అనుకుంటే 20 కోట్ల పోలికలు. సీజన్ మొదట్లో రెండు లిస్టులూ చిన్నవి కాబట్టి తెలియలేదు. రైతు నంబరును కీగా పెట్టి ఆ లిస్టును డిక్షనరీగా, అంటే నంబరు చెప్పగానే ఆ రైతు వివరాలు నేరుగా ఇచ్చే పట్టికగా మార్చండి. అప్పుడు ఒక్కో లోడుకు దాదాపు ఒక్క చూపుతో పని అయిపోతుంది, రిపోర్టు క్షణాల్లో వస్తుంది. మార్చాల్సింది నాలుగైదు లైన్లే.

ఈ రెండు విషయాలూ కంప్యూటర్ సైన్స్ డిగ్రీలో మొదటి రెండేళ్లలోనే వస్తాయి. ఒకటి కంప్యూటర్ ఆర్గనైజేషన్‌లో, రెండోది డేటా స్ట్రక్చర్స్‌లో. డిగ్రీ వల్ల నిజంగా ఒరిగేది ఇది: మనకు తెలియదన్న సంగతి కూడా మనకు తెలియని విషయాలను వరసగా తెచ్చి ముందు పెడుతుంది. సొంతంగా నేర్చుకునేవాళ్లు అవసరమైనది నేర్చుకుంటారు, అవసరం కనిపించనిది వదిలేస్తారు. మీ కోడ్‌లో ఖాళీలు సరిగ్గా అక్కడే ఉన్నాయి. అలాగని డిగ్రీ ఉన్నవాళ్లందరికీ ఇది వచ్చని కాదు. డేటా స్ట్రక్చర్స్‌లో మంచి మార్కులతో పాసై వచ్చి, ఇలాంటి వెతుకులాటను ఎలా తగ్గించాలో చెప్పలేక ఇంటర్వ్యూలో తల దించుకున్న పిల్లల్ని చాలామందిని చూశాను. డేటా స్ట్రక్చర్స్, డేటాబేస్, ఆపరేటింగ్ సిస్టమ్స్, నెట్‌వర్క్స్ ఈ నాలుగూ ఎన్‌పీటెల్ అనే ఆన్‌లైన్ పాఠాల వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి, ఐఐటీ అధ్యాపకులే చెబుతారు. మీకున్న పట్టుదలకు అవి కష్టమేమీ కాదు.

అంటే పని చేయడానికి డిగ్రీ అక్కర్లేదు. ఆ పని ఇచ్చే చోటికి మిమ్మల్ని రానివ్వడానికి మాత్రం మన దగ్గర ఇంకా చాలా కంపెనీల్లో కావాలి. మీ స్నేహితురాలు మొదటి మాట చెబుతోంది, మీ అమ్మగారు రెండోది చెబుతున్నారు. ఇద్దరి మాటలోనూ నిజముంది. అందుకని నా సలహా: డిగ్రీ వదలొద్దు, కానీ అది వచ్చేదాకా ఉద్యోగ ప్రయత్నం ఆపొద్దు. రెండూ ఒకేసారి నడవాలి.

ఎందుకు వదలొద్దంటున్నానో వివరంగా చెప్పాలి. పెద్ద సర్వీస్ కంపెనీలు ఏటా వేలల్లో ఫ్రెషర్లను తీసుకుంటాయి. అప్లికేషన్లు లక్షల్లో వస్తాయి. ఒక్కొక్కరి కోడ్ చదివే తీరిక వాళ్లకు ఉండదు. అందుకే టెన్త్, ఇంటర్, డిగ్రీ అన్నింటిలో 60 శాతం ఉండాలి, బ్యాక్‌లాగ్స్ ఉండకూడదు, చదువులో ఇన్నేళ్లకు మించి గ్యాప్ ఉండకూడదు అని గీతలు గీస్తారు. మీ ప్రోగ్రాం ఎంత బాగున్నా ఆ గీత దగ్గర చదివేది మనిషి కాదు, ఒక ఫారం. డిగ్రీ అన్న గడి ఖాళీగా ఉంటే ఫారం ముందుకు కదలదు.

విదేశాల సంగతి మీరు అడగలేదు గానీ, మీ జిల్లాలో ఆ ఆలోచన లేని ఇల్లు తక్కువ కాబట్టి చెబుతున్నాను. అమెరికా హెచ్‌1బీ వీసాకు బ్యాచిలర్స్ డిగ్రీ గానీ, దానికి సమానమైన అర్హత గానీ ఉండాలి. డిగ్రీ లేనివాళ్ల విషయంలో మూడేళ్ల ఉద్యోగానుభవాన్ని ఒక ఏడాది కాలేజీ చదువుగా లెక్కిస్తారు. నాలుగేళ్ల డిగ్రీకి బదులు పన్నెండేళ్ల అనుభవం అన్నమాట. ఉద్యోగుల్ని క్లయింట్ల దగ్గరికి అమెరికా పంపే కంపెనీలు మొదట్లోనే డిగ్రీ గురించి అంత గట్టిగా పట్టుబట్టడానికి ఇదీ ఒక కారణం. అక్కడ ఐబీఎం లాంటి సంస్థలు చాలా ఉద్యోగాలకు డిగ్రీ నిబంధన తీసేశాయన్నది నిజమే, కానీ అది అక్కడ పుట్టి పెరిగినవాళ్లకు పనికొచ్చినంతగా మనకు పనికిరాదు. వీసా నిబంధన అలాగే ఉంది. జర్మనీ మాత్రం దారి కొంత సడలించింది. 2023 నవంబర్ నుంచి ఐటీ నిపుణులు డిగ్రీ లేకపోయినా, గత ఏడేళ్లలో మూడేళ్ల తగిన అనుభవం ఉండి, నిర్ణీత జీతంతో ఉద్యోగం దొరికితే, అక్కడ ఉండి పనిచేయడానికి ఇచ్చే బ్లూ కార్డుకు అర్హులు. ఇది చాలామందికి తెలియదు.

డిగ్రీ మధ్యలో వదిలేసి పైకొచ్చినవాళ్ల కథలు మీ స్నేహితురాలు చెప్పే ఉంటుంది. బిల్ గేట్స్ 1975లో హార్వర్డ్ వదిలేశారు, నిజమే. కానీ ఆయన వెళ్లింది ఉద్యోగం వెతుక్కోవడానికి కాదు, ఆల్టెయిర్ అనే కంప్యూటర్‌కు ప్రోగ్రాం రాసే పని చేతిలో పెట్టుకుని కంపెనీ మొదలుపెట్టడానికి. తండ్రి సియాటెల్‌లో పేరున్న లాయరు. అది కుదరకపోయినా ఇల్లు గడిచేది. మీ జీతం మీద ఒక ఇల్లు, ఒక తమ్ముడి చదువు ఉన్నాయి. మీకు దగ్గరగా ఉండే ఉదాహరణ లినస్ టోర్వాల్డ్స్‌ది. ఆయన 1991లో హెల్సింకి యూనివర్సిటీలో విద్యార్థిగా ఉండగానే లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మొదలుపెట్టారు. 1994లో 1.0 వెర్షన్ వచ్చింది. మాస్టర్స్ పట్టా చేతికొచ్చింది ఆ తర్వాతే, అప్పటికి కంప్యూటర్ ప్రపంచమంతా ఆయన పేరు తెలుసు. పని ఎక్కడా ఆపలేదు, చదువూ వదల్లేదు.

ఇప్పుడు మీ మావయ్య చెప్పిన కన్సల్టెన్సీ మాట. దయచేసి అటు వెళ్లొద్దు. మావయ్య మీ మేలు కోరే చెప్పి ఉంటారు, ఆయన్ని తప్పుపట్టడం లేదు. కానీ ఆ రెండేళ్ల ఎక్స్‌పీరియెన్స్ అంటే ఏమిటో ఆయనకు ఎవరూ వివరంగా చెప్పి ఉండరు. మీరు ఎప్పుడూ పని చెయ్యని ఒక కంపెనీ పేరుతో ఆఫర్ లెటర్, పే స్లిప్పులు, రిలీవింగ్ లెటర్ తయారు చేసి ఇస్తారు. కొందరైతే ఇంటర్వ్యూలో మీ బదులు ఇంకొకరు మాట్లాడే ఏర్పాటు కూడా చేస్తామంటారు. ఉద్యోగం వచ్చాక కంపెనీ బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ చేయిస్తుంది. ఉద్యోగం మారినా మారని మీ పీఎఫ్ నంబరు (యూఏఎన్) తీస్తే మీరు ఎక్కడెక్కడ, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా పనిచేశారో కనిపిస్తుంది. ఆ రెండేళ్లూ మీ పీఎఫ్ కట్టింది రైస్‌మిల్లయితే, లేదా ఎవరూ కట్టకపోతే, అక్కడే దొరికిపోతారు. చేరిన ఆరు నెలలకో ఏడాదికో తీసేసినవాళ్లున్నారు. లక్షన్నర పోతుంది, ఆ కంపెనీలో మళ్లీ అడుగుపెట్టలేరు, ఆ భయంతో గడిపిన రోజులు వేరే. వీటన్నింటికన్నా నాకు బాధ కలిగించేది ఇంకొకటి. మీ దగ్గర నిజమైన అనుభవం ఉంది. దాన్ని దాచిపెట్టి అబద్ధపు అనుభవం కొనుక్కోవాల్సిన ఖర్మ మీకు లేదు.

మరి డిగ్రీ ఎలా? మీ ముందు మూడు దారులున్నాయి.

బీటెక్‌కే తిరిగి వెళ్లడం ఒకటి. జేఎన్‌టీయూ పరిధిలోని కాలేజీల్లో సాధారణంగా చేరిన నాటి నుంచి ఎనిమిదేళ్లలో కోర్సు పూర్తి చేయవచ్చు. రీఅడ్మిషన్ తీసుకుంటే అప్పుడు నడుస్తున్న రెగ్యులేషన్‌లోకి, అంటే కొత్త సిలబస్, నిబంధనల్లోకి మారుస్తారు. కొన్ని సబ్జెక్టులు అదనంగా రాయాల్సి రావచ్చు. కానీ పగలంతా కాలేజీలో ఉండాలి, హాజరు 75 శాతం చూస్తారు. మిల్లు జీతం ఆగిపోతుంది. మీరు రాసిన ఇంటి పరిస్థితి చూస్తే ఇది మీకు నప్పదనిపిస్తోంది.

ఇగ్నో బీసీఏ రెండోది. విజయవాడలో ప్రాంతీయ కేంద్రం ఉంది, ఫీజు తక్కువ, ఉద్యోగం చేస్తూనే చదువుకోవచ్చు, ఆలస్యమైనా కొన్నేళ్లు గడువిస్తారు. "డిగ్రీ ఉందా" అన్న గడి నిండుతుంది. ఎంసీఏకి దారి తెరుచుకుంటుంది. కానీ మీరు అంతా ఒంటరిగా చదువుకోవాలి, వెనకబడితే ఎవరూ గుర్తు చెయ్యరు.

మీకు నేను గట్టిగా చెప్పేది మూడోది, ఐఐటీ మద్రాస్ ఇచ్చే డేటా సైన్స్ బీఎస్ డిగ్రీ. 2020లో మొదలైంది. జేఈఈ అక్కర్లేదు. ఇంటర్ పాసై, టెన్త్‌లో లెక్కలు, ఇంగ్లిష్ చదివి ఉంటే చాలు. మొదట నాలుగు వారాల పాఠాలు వింటారు, ప్రతి వారం అసైన్‌మెంట్లు చేస్తారు, తర్వాత క్వాలిఫయర్ పరీక్ష. అది పాసైతే సీటు. పాఠాలు ఆన్‌లైన్‌లో, పరీక్షలు మాత్రం సెంటర్‌కు వెళ్లి రాయాలి. నాకు ఇందులో నచ్చేది మధ్యలో ఆగినా చేతికి ఏదో ఒకటి వచ్చే పద్ధతి. ఫౌండేషన్ పూర్తయితే సర్టిఫికెట్, ఆ తర్వాత డిప్లొమా, అక్కడి నుంచి బీఎస్సీ, చివరికి నాలుగేళ్ల బీఎస్. ఇంట్లో కష్టం వచ్చి ఒకసారి చదువు ఆగిపోయిన మీకు దీని విలువ వేరే చెప్పక్కర్లేదు. ప్రోగ్రామింగ్ డిప్లొమాలో డేటాబేస్, డేటా స్ట్రక్చర్స్, జావా, వెబ్ అప్లికేషన్లు తయారుచేయడం ఉంటాయి. మీ కోడ్‌లో నేను చూపించిన ఖాళీలు చాలావరకు అక్కడ నిండుతాయి. ఫీజు ఏ టర్మ్‌కు తీసుకున్న కోర్సులకు ఆ టర్మ్‌లో కట్టుకోవచ్చు. కుటుంబ ఆదాయాన్ని, కేటగిరీని బట్టి 75 శాతం వరకు రాయితీ ఉంది. కులం, ఆదాయం సర్టిఫికెట్లు మీసేవలోనో సచివాలయంలోనో ముందే తీసి పెట్టుకోండి. నాలుగేళ్ల డిగ్రీ కావడం ఇంకో లాభం. తర్వాత ఎప్పుడైనా ఎంఎస్ చేయాలనుకుంటే, చాలా అమెరికన్ యూనివర్సిటీలు మొత్తం పదహారేళ్ల చదువు అడుగుతాయి. మూడేళ్ల డిగ్రీతో కొన్నిచోట్ల ఇబ్బంది వస్తుంది. సులువు మాత్రం కాదు. లెక్కలు, స్టాటిస్టిక్స్ గట్టిగా ఉంటాయి, పరీక్షలో తప్పేవాళ్లూ ఎక్కువే. టర్మ్‌కు రెండు కోర్సులకు మించి తీసుకోవద్దు.

ఉద్యోగం దగ్గరికొద్దాం. పెద్ద కంపెనీల ఫ్రెషర్ ప్రకటనల చుట్టూ ఇప్పుడు తిరగకండి, ఆ టెన్షన్ వృథా. మీకున్న బలం ధాన్యం, మిల్లు, లెక్కలు. విజయవాడ, రాజమండ్రి, భీమవరంలో వ్యాపారులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అమ్మే చిన్న సంస్థలున్నాయి. ట్యాలీ అనే అకౌంట్ల సాఫ్ట్‌వేర్‌ను ఒక్కో వ్యాపారానికి తగ్గట్టు మార్చి ఇచ్చేవాళ్లున్నారు. దానికి టీడీఎల్ అనే భాష వాడతారు, పైథాన్ వచ్చినవాళ్లు దాన్ని త్వరగానే పట్టుకోవచ్చు. ఇలాంటి చోట యజమానే ఇంటర్వ్యూ చేస్తాడు. ఆయన మీ సర్టిఫికెట్ కన్నా ముందు అడిగేది "మిల్లులో స్టాకు ఎలా రాస్తారు, తరుగు ఎక్కడ చూపిస్తారు" అని. దానికి మీకన్నా బాగా జవాబు చెప్పే బీటెక్ అభ్యర్థి ఆయనకు దొరకడు. జీతం మొదట్లో ఇప్పటికన్నా పెద్ద ఎక్కువ ఉండకపోవచ్చు. ఫరవాలేదు. ఆఫర్ లెటర్, పీఎఫ్, డెవలపర్ అన్న హోదా ఈ మూడూ ఉన్నాయో లేదో చూసుకోండి. రెండేళ్ల తర్వాత హైదరాబాద్ కంపెనీలకు అప్లై చేసేటప్పుడు అవి నిజమైన అనుభవంగా నిలబడతాయి. అప్పటికి డిగ్రీ కూడా సగం దాటి ఉంటుంది, "చదువుతోంది" అని రెజ్యూమెలో రాసుకోవచ్చు.

వెళ్లేముందు మీ ప్రోగ్రాంను చూపించేలా సిద్ధం చెయ్యండి. మీరు పంపిన ఫోల్డర్‌లో మిల్ ఫైనల్, మిల్ ఫైనల్ 2, మిల్ ఫైనల్ కొత్తది అని మూడు ఫైళ్లున్నాయి. కోడ్‌లో చేసిన ప్రతి మార్పునూ గుర్తుపెట్టుకునే గిట్ అనే టూల్ నేర్చుకోండి, వారం చాలు. ఇకనుంచి ప్రతి మార్పునూ, ఎందుకు మార్చారో ఒక లైను రాసి దాచండి. అలా దాచిన కోడ్‌ను నలుగురికీ చూపించే వెబ్‌సైట్ గిట్‌హబ్. నేను ఎవరి గిట్‌హబ్ అయినా చూస్తే ముందు ఆ లైన్లే చదువుతాను. ఒకే రోజు మొత్తం ఎక్కించేసిన కోడ్ ఎవరు రాశారో చెప్పలేం, ఈ రోజుల్లో ఏఐ టూల్ అడిగిన వెంటనే రాసిచ్చేస్తుంది కూడా. "ఒకే లారీలో ఇద్దరు రైతులు వస్తే మొత్తం తప్పుతోంది, సరిచేశాను" అని నెలలకొద్దీ సాగిన లైన్లుంటే ఆ మనిషి ఎలా ఆలోచిస్తారో నాకు అర్థమవుతుంది. మీరూ ఏఐ వాడుకోండి, తప్పు లేదు. అది ఇచ్చిన ప్రతి లైను ఎందుకు ఉందో మీరు చెప్పగలిగితేనే ఉంచండి. ఇంటర్వ్యూలో సరిగ్గా అదే అడుగుతారు.

మీ తమ్ముడి గురించి కూడా ఒక మాట. ఇంటర్ అయిన వెంటనే చేరే దారులు వాడికి తెరిచే ఉన్నాయి. హెచ్‌సీఎల్ టెక్‌బీలో ఇంటర్ తర్వాత శిక్షణ ఇచ్చి ఉద్యోగంలోకి తీసుకుంటారు, ఉద్యోగం చేస్తూ డిగ్రీ చదివిస్తారు. జోహో అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ నడిపే జోహో స్కూల్స్‌లో ఫీజు లేకుండా నేర్పిస్తూ నెలనెలా స్టైపెండ్ ఇస్తారు. రెండింటికీ ఏ సంవత్సరం పాసైనవాళ్లు అర్హులో ప్రకటనలో చూసుకుని, పరీక్షలు కాగానే అప్లై చేయించండి. టెక్‌బీలో శిక్షణ ఫీజు, మధ్యలో మానేస్తే షరతులు ఏమిటో సంతకం పెట్టకముందే చదవమనండి.

ఈ వారమే చేయాల్సినవి రెండున్నాయి. మీ టెన్త్, ఇంటర్ ఒరిజినల్స్ ఇంకా పాత కాలేజీలోనే ఉంటే వెళ్లి తెచ్చుకోండి. ఫీజు బాకీ పేరుతో ఒరిజినల్స్ ఆపకూడదని, ఇంజినీరింగ్ కాలేజీలకు అనుమతులిచ్చే ఏఐసీటీఈ ఆదేశాలున్నాయి. అర్జీ రాసి ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. ఇక రెండోది, ప్రోగ్రాంను గిట్‌హబ్‌లో పెట్టేముందు మిల్లు యజమానిని అడగండి. ఆయన సరేనన్నా, రైతుల పేర్లు, ఫోన్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు ఉన్న ఫైలు మాత్రం అందులో పెట్టొద్దు. వాటి బదులు ఉత్తుత్తి పేర్లతో ఒక ఇరవై లోడ్లు తయారు చేసి పెట్టండి. నాకు పంపిన ఫోల్డర్‌లో అసలు ఫైలే ఉంది, దాన్ని నా దగ్గర తీసేశాను.